వినడానికి కట్టిన ఇళ్లు

జెనీవాలో ఐక్యరాజ్యసమితి గేటు దాటి లోపలికి నడుస్తుంటే నెమలి కూసింది. మా బృందంలో తక్కినవాళ్లు గబగబా ఫోన్లు తీశారు. నాకు మాత్రం కాలు ముందుకు పడలేదు. దర్శి పక్కన మా ఊళ్లో, తెల్లవారకముందే కంది చేలలోంచి లేచే కూత అది. ఇంత దూరం వచ్చాక, మంచు కొండలు కనిపించే చోట, అది నా చెవిన పడుతుందనుకోలేదు. ఈ తోట పేరు అరియానా పార్కు. 1890లో గుస్తావ్ రెవిలియో అనే సంపన్నుడు పోతూ పోతూ దీన్ని నగరానికి రాసిచ్చాడు. తోటలో నెమళ్లు యథేచ్ఛగా తిరగాలని షరతు పెట్టాడని మా గైడు చెప్పింది. ఆ నెమళ్ల మధ్యే ప్రపంచ దేశాలు కూర్చుని మాట్లాడుకుంటున్నాయి.

నేను జర్మనీలో రాజనీతి శాస్త్రంలో పీజీ చేస్తున్నాను. మొదటి సెమిస్టరు అయ్యాక, మార్చి చివర్లో, మమ్మల్ని పది రోజుల అధ్యయన యాత్రకు తీసుకెళ్లారు. జెనీవా, స్ట్రాస్‌బర్గ్, బ్రస్సెల్స్, హేగ్. పందొమ్మిది మందిమి, పదకొండు దేశాలవాళ్లం. బయల్దేరే ముందు మా ప్రొఫెసర్ గారు ఒకటే మాట చెప్పారు: ప్రతి ఒక్కరూ ఒక ప్రశ్న ఎంచుకోండి, వెళ్లిన ప్రతి చోటా అదే అడగండి. కొందరు డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందని అడుగుతామన్నారు. కొందరు వీటో అధికారం గురించి రాసుకున్నారు. నా నోటు పుస్తకంలో నేను రాసుకున్నది ఇది: ఇక్కడ ఎవరు మాట్లాడొచ్చు? ఏ భాషలో మాట్లాడొచ్చు?

ఈ ప్రశ్న నాకు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకలేదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా ఇంటికి ఒక తీర్పు కాపీ వచ్చింది. పొలం గట్టు తగాదా ఒకటి కింది కోర్టు నుంచి పాకి పాకి హైకోర్టుకు చేరి, పన్నెండేళ్లకు తేలింది. పద్నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషు. నాన్న వాటిని ఎరువుల దుకాణం వాళ్లిచ్చిన గుడ్డ సంచిలో పెట్టుకుని వచ్చి నా ముందు కూర్చున్నాడు. "అంతా చదవక్కర్లేదమ్మా. గెలిచామా, ఓడామా, అది చెప్పు చాలు" అన్నాడు. నేను చివరి పేజీ తిప్పాను. అప్పీలు డిస్మిస్ అయినట్టు ఉంది. కోర్టు కేసు కొట్టేసిందంటే ఓడినట్టే కదా అనుకుని అదే చెప్పాను. నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు. అమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని తెల్లవార్లూ మేలుకునే ఉంది. మర్నాడు మా బడిలో ఇంగ్లీషు చెప్పే మాస్టారు కాగితం చూసి, అప్పీలు వేసింది అవతలివాళ్లని, దాన్ని కోర్టు కొట్టేసిందంటే గెలిచింది మేమేనని చెప్పారు. పన్నెండేళ్లు ఎదురుచూసి గెలిచిన మనిషి, గెలిచిన రాత్రి పస్తున్నాడు. నేను ఈ చదువులోకి వచ్చింది ఆ రాత్రి వల్లనే.

జెనీవాలోని ఆ పెద్ద భవనం, పాలే దె నాసియోఁ, మొదట ఐక్యరాజ్యసమితి కోసం కట్టింది కాదు. అంతకుముందున్న నానాజాతి సమితి కోసం 1929లో శంకుస్థాపన చేశారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పుట్టిన ఆ సమితిలో భారతదేశం తొలినాటి సభ్యదేశం. అప్పటికి మనకు స్వాతంత్ర్యం లేదు. ప్రతినిధులుగా ఎవరు వెళ్లాలో బ్రిటిష్ ప్రభుత్వమే నిర్ణయించేది. కుర్చీ మనది, దానిలో నుంచి వచ్చే మాట మనది కాదు. అలా వెళ్లినవాళ్లలో తెలుగువారూ ఉన్నారు. జస్టిస్ పార్టీ నాయకుడు కూర్మా వెంకటరెడ్డి నాయుడు 1928లో ఇక్కడికి వచ్చారు. అంతకు ముందు ఏడాది, 1927లో, అంతర్జాతీయ కార్మిక సదస్సుకు వి.వి. గిరి గారు వచ్చారు. ఈయన రాకే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. గిరి గారు వచ్చింది ప్రభుత్వం తరఫున కాదు, కార్మికుల తరఫున. అంతర్జాతీయ కార్మిక సంస్థలో మొదటి నుంచీ ఉన్న పద్ధతి అది: ప్రతి దేశం నుంచి ప్రభుత్వ ప్రతినిధులు ఇద్దరు, యజమానుల ప్రతినిధి ఒకరు, కార్మికుల ప్రతినిధి ఒకరు. కార్మికుడి మాట దొరగారి మాటతో సమానంగా రికార్డులోకి ఎక్కుతుంది. పరాయి పాలనలో ఉన్న దేశం నుంచి వచ్చిన రైల్వే కార్మికుల నాయకుడికి ఆ రోజుల్లో అలాంటి వేదిక దొరకడం చిన్న విషయం కాదు.

ఒకరు మాట్లాడుతుండగానే ఇంకొక భాషలో చెవిలో వినిపించే ఏర్పాటు కూడా 1920ల చివర్లో ఆ కార్మిక సదస్సుల్లోనే మొదలైంది. అంతకు ముందు వక్త మాట్లాడి ఆగితే దుబాసీ లేచి మొత్తం మళ్లీ చెప్పేవాడు. 1945లో మొదలైన న్యూరెంబర్గ్ విచారణలతో ఈ కొత్త పద్ధతి లోకమంతటికీ తెలిసింది.

మేం వెళ్లినప్పుడు మానవ హక్కుల మండలి సమావేశాలు జరుగుతున్నాయి. గ్యాలరీలో కూర్చోనిచ్చారు. తలెత్తితే పైకప్పు మొత్తం రంగురంగుల సున్నపు గుహలా కిందికి వేలాడుతుంటుంది. స్పెయిన్ చిత్రకారుడు మికెల్ బార్సెలో 2008లో పూర్తి చేసిన పని. అందరి కళ్లూ పైనే ఉన్నాయి. కాసేపటికి నేను పక్క గోడకున్న అద్దాల గదుల వైపు తిరిగాను. అక్కడ దుబాసీలు జంటలు జంటలుగా కూర్చున్నారు. అరగంట కూడా గడవకముందే ఒకరు ఆపితే రెండోవారు అందుకుంటారు. అంతకు మించి మెదడు తట్టుకోదట. ఒకామె మాట్లాడుతున్నప్పుడు చేతులు కూడా తిప్పుతోంది. ఆ చేతులు చూసేవాళ్లెవరూ లేరు. అయినా తిప్పుతూనే ఉంది, ఆ మాట తనదే అయినట్టు.

మండలిలో 47 సభ్యదేశాలు. స్వచ్ఛంద సంస్థలకూ మాట్లాడే అవకాశం ఉంది కానీ ఒక్కొక్కరికి రెండు నిమిషాల లోపే. గడియారం అంకెలు తెర మీద తగ్గుతూ ఉంటాయి. ఒక మహిళ తన ప్రాంతంలో కనిపించకుండా పోయిన మనుషుల గురించి చెబుతోంది. ఆమె సంవత్సరాల తరబడి మోసుకొచ్చిన మాట. వాక్యం మధ్యలో ఉండగానే సమయం అయిపోయింది. అధ్యక్ష స్థానం నుంచి ధన్యవాదాలు చెప్పారు. ఆమె కాగితాలు మడుచుకుని కూర్చుంది. ఇంతేనా అని నాకు గొంతు పట్టేసింది. తర్వాత మాకు వివరాలు చెప్పిన అధికారిణిని అదే అడిగాను. ఆ రెండు నిమిషాలు రికార్డులో ఉంటాయని, ఆ దేశ ప్రతినిధి అదే గదిలో కూర్చుని వినాల్సిందేనని చెప్పారు. "వినాల్సిందే" అన్న ఆ మాటను నేను పుస్తకంలో గీత గీసి రాసుకున్నాను. ఐక్యరాజ్యసమితికి అధికార భాషలు ఆరే: అరబిక్, చైనీస్, ఇంగ్లీషు, ఫ్రెంచ్, రష్యన్, స్పానిష్. ఆ మహిళ తన భాషలో కాక ఇంగ్లీషులో చదివింది. ఆ రెండు నిమిషాల్లో సగం తడుముకోవడానికే పోయింది.

బయట కూడలిలో మూడు కాళ్ల కుర్చీ ఉంది. పన్నెండు మీటర్ల ఎత్తు, నాలుగో కాలు విరిగిపోయి ఉంటుంది. మందుపాతరల వల్ల కాళ్లు పోగొట్టుకున్నవాళ్ల కోసం 1997లో నిలబెట్టారు. లోపలికి వెళ్లే రాయబారులందరికీ అది కనబడి తీరుతుంది. మాటలు లేని ఆ కుర్చీ, ఆ రోజు నేను విన్న చాలా ప్రసంగాల కన్నా స్పష్టంగా మాట్లాడింది.

స్ట్రాస్‌బర్గ్ చేరేసరికి చీకటి పడింది. ఈ ఊరి కథ వింటే ఇక్కడే ఇలాంటి సంస్థలు ఎందుకు పెట్టారో అర్థమవుతుంది. 1871లో ఫ్రాన్స్ నుంచి జర్మనీకి పోయింది, 1918లో ఫ్రాన్స్‌కు వచ్చింది, 1940లో మళ్లీ జర్మనీకి, 1944లో మళ్లీ ఫ్రాన్స్‌కు. ఇల్లు కదలకుండానే ఒకే ముసలావిడ నాలుగుసార్లు దేశం మారి ఉండొచ్చు. రైన్ నది మీది వంతెన దాటితే అవతల జర్మనీ. మేం ట్రాములో దాటాం. ఎవరూ ఆపలేదు, కాగితాలు అడగలేదు. ఆ నది కోసం ఎంతమంది చచ్చారో చదివి వచ్చినదాన్ని కాబట్టి ఆ నాలుగు నిమిషాలూ ఊపిరి బిగబట్టే కూర్చున్నాను.

యూరోపియన్ పార్లమెంటుకు బ్రస్సెల్స్‌లో ఒక సభామందిరం, ఇక్కడ ఒకటి. ఏడాదికి పన్నెండుసార్లు, ఒక్కోసారి నాలుగు రోజుల చొప్పున, సభ్యులూ సిబ్బందీ పెట్టెలతో సహా ఇక్కడికి తరలివస్తారు. ఖర్చు దండగని విమర్శించేవాళ్లు ఆ సభలోనే చాలామంది ఉన్నారు. ఒప్పందాల్లో రాసి ఉంది కనుక అన్ని దేశాలూ ఒప్పుకుంటే తప్ప మారదు. నాకు ఆ విమర్శ న్యాయమే అనిపించింది. కానీ ఈ యాత్ర మొత్తంలో నేను ఎక్కువసేపు ఉండిపోవాలనుకున్న చోటు మాత్రం ఇదే.

గ్యాలరీలో ప్రతి కుర్చీకీ ఒక ఇయర్‌ఫోన్, పక్కన భాషలు మార్చే మీట. ఇరవై నాలుగు అధికార భాషలు. 720 మంది సభ్యుల్లో ఎవరైనా తన భాషలో లేచి మాట్లాడొచ్చు. ఒక్కో భాష నుంచి మిగతా ఇరవై మూడింటిలోకి లెక్కేస్తే 552 జతలు. అన్ని జతలకీ నేరుగా మనుషులు దొరకరు. అందుకే ఒక్కోసారి ఎస్టోనియన్ నుంచి ముందు ఇంగ్లీషులోకి, అక్కణ్ణుంచి గ్రీకులోకి మాట అందించుకుంటారు. మా పొలాల్లో నారు కట్టలు చేతి నుంచి చేతికి అందించుకున్నట్టు. నేను మీట తిప్పుతూ పోయాను. ఒకే వాక్యం ఇరవై నాలుగు గొంతుల్లో. నాకు అర్థం కాని గొంతు దగ్గర కూడా ఆపబుద్ధి కాలేదు.

నా పక్కన మాల్టా అమ్మాయి కూర్చుంది. వాళ్ల దేశం జనాభా ఐదు లక్షల చిల్లర. వాళ్ల సభ్యులు ఆరుగురు. ఆమె మీటను తన భాష దగ్గర ఆపి ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టింది. "మా అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు. ఈ సభలో ఏం జరిగినా ఆమె టీవీలో వినగలదు" అంది. ఐరిష్ భాషకు 2007లో హోదా వచ్చినా, సరిపడా అనువాదకులు లేక చాలా ఏళ్లు అన్నీ అనువదించనక్కర్లేదని వెసులుబాటు పెట్టుకున్నారు. అనువాదకులకు శిక్షణ ఇచ్చుకుంటూ వచ్చి 2022 జనవరి 1 నుంచి దాన్ని ఎత్తేశారు. మనుషులు లేరని భాషను పక్కనపెట్టలేదు, భాష కోసం మనుషుల్ని తయారుచేసుకున్నారు.

మన లెక్క గుర్తొచ్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు దేశంలో 8 కోట్ల 11 లక్షల మంది. లోక్‌సభలో రెండు తెలుగు రాష్ట్రాల సభ్యులు 42 మంది. మన పార్లమెంటులో తెలుగులో మాట్లాడే వీలు లేకపోలేదు. రాజ్యసభలో 22 భాషలకూ దుబాసీల ఏర్పాటు 2018లో జరిగింది. అప్పుడు సభాధ్యక్షులుగా ఉన్నది మన నెల్లూరు జిల్లాకు చెందిన వెంకయ్యనాయుడు గారే. ఏర్పాటు ఉంది. దాన్ని వాడుకునే సభ్యులు ఎందరు? సొంత భాషలో మాట్లాడితే చిన్నతనం అన్న భావం మనలోనే ఉంది. మాల్టా సభ్యుడికి ఇంగ్లీషు రాక కాదు, వాళ్ల దేశంలో అదీ అధికార భాషే. అయినా ఆయన తన అమ్మమ్మలకు వినిపించేలా మాట్లాడతాడు.

మర్నాడు కాలువ ఒడ్డున నడుచుకుంటూ యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లాం. పార్లమెంటుకూ దీనికీ సంబంధం లేదు. ఇది 46 దేశాలున్న కౌన్సిల్ ఆఫ్ యూరప్ అనే వేరే సంస్థకు చెందింది. రిచర్డ్ రోజర్స్ గీసిన భవనం, రెండు పెద్ద ఉక్కు డబ్బాలు పక్కపక్కన పెట్టినట్టు ఉంటుంది. గేటు ఎదుట ఒక పెద్దాయన అట్టముక్క మీద ఏదో రాసి మెడలో వేసుకుని నిలబడ్డాడు. నాకు ఆ లిపి చదవరాదు. ఆయన చేతిలో మాత్రం ఒక గుడ్డ సంచి ఉంది. అందులో కాగితాలు. నేను అక్కడే ఆగిపోయాను. మా వాళ్లు పిలిస్తేగాని కదల్లేదు.

ఈ కోర్టులో మనిషి ఒక్కడే తన దేశ ప్రభుత్వం మీద ఫిర్యాదు చేయొచ్చు. సొంత దేశంలోని కోర్టులన్నీ తిరిగి రావాలి, చివరి తీర్పు వచ్చిన నాలుగు నెలల్లో దరఖాస్తు పంపాలి. ఫీజు లేదు. దరఖాస్తు పోస్టులో రావాలి. ఇవన్నీ చెబుతున్న న్యాయవాదిని నా ప్రశ్న అడిగాను, ఏ భాషలో రాయాలని. సభ్యదేశాల అధికార భాషల్లో దేనిలోనైనా రాయొచ్చన్నారు. కేసు ముందుకు సాగి ప్రభుత్వానికి నోటీసు వెళ్లాకే ఇంగ్లీషో ఫ్రెంచో కావాలి. తలుపు దగ్గర మాత్రం ఏ భాషా అడ్డు రాదు.

నిజం చెప్పాలి. వచ్చే దరఖాస్తుల్లో చాలావరకు తొలి దశలోనే తిరస్కరిస్తారు. గెలిచినా, తీర్పు అమలు చేయని ప్రభుత్వాలున్నాయి. రష్యాను 2022లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ నుంచి తొలగించారు. దాంతో ఆ దేశ ప్రజలకు ఈ తలుపు మూసుకుపోయింది. అయినా ఐర్లండ్‌లో జొహానా ఎయిరీ అనే ఇల్లాలి కథ విన్నాక నాకు ఈ చోటు మీద గౌరవం పెరిగింది. భర్త నుంచి చట్టబద్ధంగా విడిపోవాలంటే హైకోర్టుకు వెళ్లాలి, వకీలును పెట్టుకునే డబ్బు ఆమె దగ్గర లేదు. కోర్టు తలుపు తెరిచే ఉంది కదా, స్వయంగా వచ్చి వాదించుకోవచ్చు కదా అంది ప్రభుత్వం. 1979లో ఇక్కడి న్యాయమూర్తులు ఒప్పుకోలేదు. కాగితం మీద ఉండి చేతికందని హక్కు హక్కు కాదని తేల్చారు. ఆ తర్వాత ఐర్లండ్ సివిల్ కేసుల్లో పేదలకు న్యాయ సహాయం మొదలుపెట్టింది.

బ్రస్సెల్స్‌లో రెండు రోజులు వానలోనే గడిచాయి. యూరోపియన్ కమిషన్ ఉండే బెర్లేమాఁ భవనం, దేశాధినేతలు కలిసే యూరోపా భవనం, చుట్టూ అద్దాల ఆఫీసులు, మెడలో బ్యాడ్జీలు వేసుకుని పరుగులు పెట్టే మనుషులు. వరుసగా ఉపన్యాసాలు విన్నాం. అక్కడ నాకు కొత్తగా తెలిసింది తక్కువ.

హేగ్‌లో ఎండ వచ్చింది. శాంతి భవనం ఎర్ర ఇటుకల కోటలా ఉంటుంది. ఆండ్రూ కార్నెగీ ఇచ్చిన 15 లక్షల డాలర్లతో కట్టి 1913 ఆగస్టులో తెరిచారు. ఏడాది తిరక్కుండానే ప్రపంచ యుద్ధం వచ్చింది. లోపల గోడలకూ తలుపులకూ దేశదేశాల కానుకలు ఉన్నాయి. ఇక్కడి అంతర్జాతీయ న్యాయస్థానంలో 15 మంది న్యాయమూర్తులు, ఒక్కొక్కరి పదవీకాలం తొమ్మిదేళ్లు. మన రాజ్యాంగ రచనలో సలహాదారుగా పనిచేసిన బి.ఎన్. రావు గారు కూడా చివరి రోజుల్లో ఈ పీఠం మీద కూర్చున్నారు. ఇక్కడ వాదించగలిగేది దేశాలు మాత్రమే. భాషలు రెండే, ఫ్రెంచ్, ఇంగ్లీషు. స్ట్రాస్‌బర్గ్‌లో గుడ్డ సంచితో నిలబడ్డ పెద్దాయనకు ఇక్కడ గేటు దాకా రావడానికే పని లేదు.

కానీ ఇక్కడ విన్న ఒక సంగతి నన్ను ఊరికి తీసుకెళ్లింది. డాన్యూబ్ నది మీద ఆనకట్టల గురించి హంగరీ, స్లొవేకియా ఈ కోర్టుకు వచ్చాయి. 1977లో రాసుకున్న ఒప్పందం, మధ్యలో ఒకరు వెనక్కి తగ్గారు, రెండోవారు నీటిని తమవైపు మళ్లించారు. 1997లో తీర్పు చెప్పే ముందు న్యాయమూర్తులు స్వయంగా వెళ్లి ఆ నదినీ కట్టడాలనూ చూసి వచ్చారు. ఈ కోర్టు చరిత్రలో అలా వివాద స్థలానికి వెళ్లడం అదే మొదటిసారి. తీర్పు వచ్చినా ఆ రెండు దేశాల మధ్య తగాదా పూర్తిగా తెగలేదు. అయినా వెళ్లి చూశారు.

ఆ సాయంత్రం నాన్నకు ఫోన్ చేశాను. మాది సాగర్ కుడి కాలువ చివరి ఆయకట్టు. కృష్ణా నీళ్లలో బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు ఇచ్చిందని మా ఊళ్లో బడికి పోని ముసలివాళ్లు కూడా చెబుతారు. ఆ అంకె మా చేలకు చేరేసరికి ఎంత మిగులుతుందో మాత్రం ఏ ఏటికాయేడు చూసుకోవాల్సిందే. ట్రిబ్యునళ్ల ముందు మాట్లాడేవి రాష్ట్రాలు, చివరి భూముల రైతులు కాదు.

"జడ్జీలే ఏటి దగ్గరికి వచ్చి చూశారా?" అన్నాడు నాన్న.

"అవును నాన్నా. అక్కడికే వెళ్లి చూశారంట."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మన కాలువ చివరిదాకా వచ్చి చూసినోళ్లు లేరమ్మా" అన్నాడు. ఆ పైన అలవాటు ప్రకారం తిన్నావా అని అడిగాడు.

యాత్ర ముగిశాక నివేదిక రాయాల్సి వచ్చింది. నా ప్రశ్నకు జవాబు రాస్తూ మన రాజ్యాంగం 348వ అధికరణం మళ్లీ చదివాను. దాని ప్రకారం మన హైకోర్టుల భాష ఇంగ్లీషు. రాష్ట్రపతి ముందుగా సమ్మతిస్తే, గవర్నరు హిందీనో రాష్ట్ర భాషనో హైకోర్టు వ్యవహారాల్లో అనుమతించవచ్చు. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, బిహార్ హైకోర్టుల్లో హిందీకి అలా చోటు దొరికింది. తెలుగుకు దొరకలేదు. దారి మూసి ఉందని మాత్రం అనలేం. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక ఆస్తి తగాదాలో తీర్పును తెలుగులోనే రాసింది. ఇష్టం ఉంటే చేయొచ్చని న్యాయమూర్తులే చేసి చూపించారు.

నేను అడిగేది పెద్దది కాదు. ఇరవై నాలుగు భాషల అద్దాల గదులు కట్టమని అడగడం లేదు. తెలుగు రాష్ట్రాల న్యాయమూర్తులకూ, వకీళ్లకూ, ఈ చట్టాలు మార్చగల శాసనసభ్యులకూ నా విన్నపం ఒక్కటే. తీర్పు ఇంగ్లీషులోనే రాయండి, కానీ కక్షిదారు చేతికిచ్చే కాపీకి తెలుగులో ఒక పేజీ జతచేయండి. అదీ కష్టమైతే, ఎవరు గెలిచారో చెప్పే ఆ చివరి వాక్యాన్నైనా తెలుగులో రాయించండి.